లిండ్లీ మర్రే: ఒక పాఠశాల వ్యాకరణకర్త జీవితం

వ్యాకరణకర్తలు రెండు విధాలు. భాషను స్వయంగా పరిశీలించి లక్షణం నిర్మించే వారు మొదటి విధం. పూర్వులు నిర్మించిన లక్షణాన్ని అధ్యేతల శక్తికి తగినట్లు సంగ్రహించి, క్రమపరచి, అందజేసే వారు రెండవ విధం. మన శాస్త్ర సంప్రదాయంలో ఇరువురికీ స్థానం ఉన్నది. మూలసూత్రకారునికి దక్కిన గౌరవం కౌముదీకారునికి తక్కువ కాలేదు. ఆంగ్ల వ్యాకరణ చరిత్రలో మాత్రం రెండవ తెగకు చెందిన ఒక మహనీయుడు జీవించి ఉన్న కాలంలో అపారమైన ప్రసిద్ధిని, మరణానంతరం అంతే అపారమైన నిందను పొందాడు. ఆయన లిండ్లీ మర్రే. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధంలో ఇంగ్లండులోను, అమెరికాలోను పాఠశాలకు వెళ్లిన బాలబాలికలలో ఆయన పేరు వినని వారు అరుదు. నేడు ఆంగ్లం బోధించే అధ్యాపకులలో సైతం ఆ పేరు తెలిసిన వారు కొద్దిమంది. ఆంగ్ల తరగతిలో వ్యాకరణం, పదప్రయోగం, అలంకారాలు ఒకే పుస్తకం నుండి బోధించే పద్ధతి పాఠశాలలలో స్థిరపడడానికి ఆయన గ్రంథం ముఖ్యకారణాలలో ఒకటి. ఆయన జీవితాన్ని, కృషిని, ఆయనపై వచ్చిన ఆక్షేపాలను మన వ్యాకరణ సంప్రదాయపు వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

జననం, విద్య

మర్రే 1745లో నాటి బ్రిటిషు వలసరాజ్యమైన పెన్సిల్వేనియాలో స్వటారా అనే వాగు సమీపంలో జన్మించాడు. తండ్రి రాబర్ట్ మర్రే పిండిమర నడిపేవాడు. తల్లి మేరీ లిండ్లీ. ఆమె పుట్టింటి పేరే కుమారుని పేరైనది. కుటుంబం క్వేకర్ మతశాఖకు చెందినది. నిరాడంబరత, సత్యవాదిత్వం, యుద్ధవైముఖ్యం ఆ శాఖవారికి ప్రధాన నియమాలు. పన్నెండుగురు సంతానంలో మర్రే జ్యేష్ఠుడు. తండ్రి పిండిమర నుండి వర్తకానికి, వర్తకం నుండి నౌకావాణిజ్యానికి ఎదిగి, 1753 ప్రాంతంలో న్యూయార్కు నగరానికి తరలివచ్చి, అక్కడి ధనిక వర్తకులలో ఒకడైనాడు. ఆ నగరంలో నేటికీ మర్రే హిల్ అని పిలువబడే ప్రాంతం పేరు ఆ కుటుంబం వలన వచ్చినదే.

జ్యేష్ఠపుత్రుడు తన వ్యాపారభారం వహించాలని తండ్రి ఆశించాడు. కుమారునికి లెక్కల పుస్తకాలకంటె సాహిత్యగ్రంథాలు ప్రియమైనవి. తండ్రి కఠినశాసనుడు. ఒకసారి అనుమతి లేకుండా ఇల్లు వదలి వెళ్లినందుకు కఠినంగా దండింపబడిన బాలుడు ఆ అవమానం సహించలేక, తన కొద్దిపాటి సొమ్ము, దుస్తులు తీసుకొని ఇల్లు విడిచి, న్యూజెర్సీలోని బర్లింగ్టన్ పట్టణంలో ఒక వసతి పాఠశాలలో స్వయంగా చేరిపోయాడు. అక్కడ ఫ్రెంచి భాష నేర్వనారంభించాడు. ఇల్లు విడిచిన పిల్లవాడు పాఠశాలను ఆశ్రయించడం వింతైన విషయమే. బంధువుల జోక్యంతో తండ్రీకొడుకులకు సంధి కుదిరినది. ఇంటికి మరలి వచ్చిన తరువాత ఆయన కోరినట్లు ప్రత్యేక గురువును నియమించారు.

న్యాయవాది, వర్తకుడు

తరువాత మర్రే న్యాయశాస్త్రం అభ్యసించాడు. బెంజమిన్ కిస్సమ్ అనే న్యాయవాది కార్యాలయంలో ఆయన శిష్యరికం చేశాడు. అదే కార్యాలయంలో సహాధ్యాయి జాన్ జే. ఈ జాన్ జే తరువాతి కాలంలో, 1789లో, అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రథమ ప్రధాన న్యాయమూర్తి అయినాడు. శాసనాలను చదివి, పదానికి పదం అర్థం విడదీసి, అస్పష్టతకు తావులేకుండా వాక్యం కూర్చే అలవాటు మర్రేకు ఈ శిక్షణలో అబ్బినదని ఊహించవచ్చును. ఆయన వ్యాకరణ గ్రంథంలోని నిర్వచన విధానం, నియమాల సంఖ్యాక్రమం, మినహాయింపుల వివరణ న్యాయవాది చేతివ్రాతనే గుర్తుచేస్తాయి.

1767లో హన్నా డాబ్సన్‌ను వివాహమాడాడు. ఆ దంపతులకు సంతానం కలుగలేదు. తండ్రి వ్యాపార నిమిత్తం ఇంగ్లండులో ఉన్నప్పుడు మర్రే కూడ కొంతకాలం అక్కడ గడిపి, 1771లో న్యూయార్కుకు తిరిగివచ్చి న్యాయవాదవృత్తి కొనసాగించాడు.

1775లో అమెరికా వలసరాజ్యాలకు, బ్రిటిషు ప్రభుత్వానికి మధ్య యుద్ధం ఆరంభమైనది. బ్రిటిషు సరుకులను దిగుమతి చేయరాదని వలసవాసులు చేసుకొన్న కట్టుబాటును మర్రే తండ్రి, పినతండ్రి ఉల్లంఘించి, బ్యూలా అనే నౌక నుండి రహస్యంగా సరుకు దింపించిన వ్యవహారం ఆ ఏడే బయటపడినది. కుటుంబం నగరవాసుల ఆగ్రహానికి గురియైనది. అదే కుటుంబంలోని తల్లి మేరీ, 1776 సెప్టెంబరులో బ్రిటిషు సేనాపతులను తన ఇంట విందుతో ఆలస్యం చేసి, తిరోగమిస్తున్న అమెరికన్ సైనికులను కాపాడినదని ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఈ కథలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అనే విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. మర్రే మాత్రం యుద్ధారంభంలో నగరం వదలి, లాంగ్ ఐలండ్‌లోని ఇస్లిప్ గ్రామంలో సుమారు నాలుగేండ్లు గడిపాడు. అనంతరం బ్రిటిషు ఆక్రమణలో ఉన్న న్యూయార్కుకు వచ్చి వర్తకం చేసి, యుద్ధం ముగిసే నాటికి జీవితాంతం సరిపోయే ధనం ఆర్జించాడు. నగరానికి వెలుపల నదీతీరంలో బెల్‌వ్యూ అనే గృహం సంపాదించుకొని విశ్రాంతిజీవనం ఆరంభించాడు. అప్పటికి ఆయన వయస్సు నలుబదికి లోపు.

అస్వస్థత, ప్రవాసం

విశ్రాంతి ఆరంభమైనంతలోనే శరీరం సహకరించడం మానినది. కండరాలకు విచిత్రమైన దౌర్బల్యం వచ్చినది. కొద్ది దూరం నడిస్తే కాళ్లు తేలిపోయేవి. చల్లని వాతావరణం మేలు చేయవచ్చునని వైద్యులు సూచించగా, 1784 చివర భార్యతో కలిసి ఇంగ్లండుకు ప్రయాణమైనాడు. యార్కు నగరానికి మైలు దూరంలో ఉన్న హోల్గేట్ గ్రామంలో ఇల్లు తీసుకొని స్థిరపడినాడు. ఒకటి రెండేండ్లలో తిరిగి వెళ్లవచ్చునని తలచిన ఆ యాత్ర ప్రవాసంగా మారినది. మరల ఆయన జన్మభూమిని చూడలేదు.

ఈ ప్రవాసానికి అస్వస్థత ఒక్కటే కారణం కాదని, యుద్ధకాలంలో బ్రిటిషువారి పక్షాన లాభించిన కుటుంబానికి కొత్త ప్రభుత్వం క్రింద ఎదురుకాగల చిక్కులు కూడ కారణమని ఇటీవలి కొందరు పరిశోధకులు వాదించారు. ఈ వాదాన్ని పూర్తిగా త్రోసిపుచ్చలేము. కాని అస్వస్థత కల్పితం కాదనడానికి తరువాతి నలుబది సంవత్సరాల జీవితమే సాక్ష్యం. మొదట తోటలో కొద్దిగా నడవగలిగేవాడు. తరువాత బండిలో విహారం మాత్రమే మిగిలినది. చివరి పదహారేండ్లకు పైగా దాదాపు ఇల్లు కదలలేదు. కూర్చున్న ఆసనం నుండే ఆయన గ్రంథరచన సాగినది.

1787లో ఆయన తొలి గ్రంథం వెలువడినది. మరణశయ్యపై మతవిశ్వాసం మనుషులకిచ్చిన ధైర్యాన్ని మహనీయుల జీవితాల నుండి ఉదాహరించే చిన్న పుస్తకం అది. రచయిత పేరు లేకుండా, తన ఖర్చుతో అచ్చు వేయించి పరిసరాలవారికి ఉచితంగా పంచాడు. పేరు వేసుకొనని ఆ వినయం, గ్రంథాన్ని సొమ్ముగా భావించని ఆ స్వభావం ఆయన తరువాతి రచనలన్నింటిలోను కనిపిస్తుంది.

వ్యాకరణ రచనకు హేతువు

యార్కులో ఎస్తర్ ట్యూక్ అనే క్వేకర్ మహిళ 1785లో బాలికల పాఠశాల ఒకటి స్థాపించినది. అందులోని యువ ఉపాధ్యాయినులకు ఆంగ్లవ్యాకరణంలో తగిన శిక్షణ లేదు. వారు మర్రే ఇంటికి వచ్చి ఆయన వద్ద పాఠం చెప్పించుకొనేవారు. అప్పటికి లభించే వ్యాకరణాలు పండితులకు ఉద్దేశించినవి, లేదా లాటిన్ నేర్చుకొనబోయే బాలురకు పీఠికగా వ్రాసినవి. లాటిన్ నేర్పని బాలికల పాఠశాలకు వాటి వలన ప్రయోజనం స్వల్పం. తమకు తగిన వ్యాకరణం ఒకటి వ్రాసి ఇమ్మని ఆ ఉపాధ్యాయినులు కోరారు. గ్రంథకర్త కావాలనే కోరిక తనకు లేదని మర్రే మొదట సంకోచించాడు. వారి పట్టుదల చూచి అంగీకరించాడు. 1795లో యార్కులోనే ఆయన ఆంగ్లవ్యాకరణం అచ్చయినది.

ఒక చిన్న బాలికల పాఠశాల కోసం వ్రాసిన పుస్తకం కొద్ది సంవత్సరాలలో రెండు ఖండాలకు పాఠ్యగ్రంథమైనది. 1797లో దానికి సంక్షిప్తరూపం, అభ్యాసాల గ్రంథం, ఆ అభ్యాసాలకు సమాధానాల గ్రంథం వెలువడినవి. 1799లో ఇంగ్లీష్ రీడర్ అనే వాచకం, 1800లో దాని అనుబంధ వాచకం, 1801లో దానికి ప్రవేశిక, 1802లో ఫ్రెంచి వాచకం, 1804లో వర్ణక్రమ బోధిని ప్రచురితమైనవి. 1808లో వ్యాకరణం, అభ్యాసాలు కలిపి రెండు సంపుటాల బృహన్ముద్రణ వచ్చినది. పూర్తి వ్యాకరణం ఇంగ్లండులోనే ఏబది దాపు ముద్రణలు పొందినది. సంక్షిప్తం నూరు ముద్రణలు దాటినది. అమెరికాలో నాటి చట్టం విదేశీ గ్రంథాలకు రక్షణ ఇవ్వనందున అక్కడి ముద్రాపకులు యథేచ్ఛగా అచ్చు వేసుకొన్నారు. పుస్తకాల వలన వచ్చిన సొమ్మును మర్రే తనకై ఉంచుకొనక ధర్మకార్యాలకు వినియోగించాడు.

గ్రంథస్వరూపం

మర్రే వ్యాకరణంలో నాలుగు భాగాలు. మొదటిది వర్ణాలు, వర్ణక్రమం. రెండవది పదవిభాగం, పదరూపాలు. మూడవది వాక్యనిర్మాణం. నాలుగవది ఉచ్చారణ, స్వరం, ఛందస్సు. పదాలను ఉపపదం, నామవాచకం, విశేషణం, సర్వనామం, క్రియ, క్రియావిశేషణం, విభక్త్యర్థక పూర్వపదం, సముచ్చయం, ఆశ్చర్యార్థకం అని తొమ్మిది తెగలుగా విభజించాడు. వాక్యనిర్మాణ ప్రకరణంలో ఇరువది రెండు సూత్రాలు చేశాడు.

ముద్రణలో ఆయన చేసిన ఒక ఏర్పాటు గమనార్హం. బాలురు కంఠస్థం చేయవలసిన నిర్వచనాలను, సూత్రాలను పెద్ద అక్షరాలలోను, వాటి వివరణను, మతభేదాలను, మినహాయింపులను చిన్న అక్షరాలలోను అచ్చు వేయించాడు. మొదటిసారి చదివే విద్యార్థి పెద్ద అక్షరాలు మాత్రమే చదువుతాడు. రెండవసారి చదివేటప్పుడు చిన్న అక్షరాలలోకి ప్రవేశిస్తాడు. ఉపాధ్యాయుడు రెండింటినీ సమన్వయిస్తాడు. సూత్రం, వృత్తి అనే మన శాస్త్రగ్రంథాల అమరికకు ఇది చాల దగ్గరగా ఉన్నది. సంస్కృత వ్యాకరణాన్ని ఎరుగని మర్రే బోధనానుభవం వలననే ఈ నిర్ణయానికి వచ్చాడు. ధారణకు ఉపయోగించేది హ్రస్వంగాను, బోధకు ఉపయోగించేది విస్తృతంగాను ఉండాలనే సూత్రం దేశభేదం లేనిదని దీని వలన తెలుస్తున్నది.

గ్రంథాంతంలోని అనుబంధం మరొక విశేషం. స్పష్టంగా, నిర్దుష్టంగా వ్రాయడానికి తోడ్పడే నియమాలను అందులో సంగ్రహించాడు. పదప్రయోగంలో శుద్ధి, ఔచిత్యం, నియతార్థత అనే మూడు గుణాలు, వాక్యంలో స్పష్టత, ఏకత, బలం అనే గుణాలు వివరించి, అటుపిమ్మట రూపకం, ఉపమ, లక్షణామూలకమైన ప్రయోగాలు, అచేతనాలకు చేతనత్వారోపం, సంబోధన, విరోధం, క్రమోత్కర్ష మొదలైన అలంకారాలను పరిచయం చేశాడు. ఈ భాగం ఎడిన్‌బరో ఆచార్యుడు హ్యూ బ్లెయిర్ 1783లో ప్రచురించిన అలంకారశాస్త్ర ఉపన్యాసాలపై ఆధారపడినది. విశ్వవిద్యాలయ శ్రోతలకు ఉద్దేశించిన విషయాన్ని పన్నెండేండ్ల బాలికకు అందేట్లు చేయడం మర్రే కృషి. వ్యాకరణం తరువాత అలంకారం అనే క్రమం మన పాఠశాలలలో సుపరిచితమే. దోషం తెలియనిదే గుణం తెలియదని, గుణం లేనిదే అలంకారం శోభించదని మన ఆలంకారికులు ఏర్పరచిన క్రమం ఇక్కడ కూడ పాటింపబడినది.

అభ్యాస పద్ధతి

1797 నాటి అభ్యాస గ్రంథం బోధనాచరిత్రలో ప్రత్యేక చర్చకు తగినది. అందులో ప్రతి నియమం క్రింద తప్పు వాక్యాలు ఇయ్యబడినవి. విద్యార్థి దోషం గుర్తించి, ఏ సూత్రానికి విరుద్ధమో చెప్పి, వాక్యాన్ని సరిదిద్దాలి. నేడు ఆంగ్ల ప్రశ్నపత్రాలలో కనిపించే దోషసవరణ ప్రశ్నలు ఈ పద్ధతికి వారసులే.

పతంజలి మహాభాష్యం మొదటి ఆహ్నికంలో ఈ ప్రశ్న ప్రస్తావనకు వచ్చిన సంగతి పాఠకులకు విదితమే. సాధుశబ్దాలను ఉపదేశించాలా, అపశబ్దాలను ఉపదేశించాలా అని ప్రశ్నించుకొని, ఒక్కొక్క సాధుశబ్దానికి అపభ్రంశాలు అనేకం కనుక, లాఘవం కోసం సాధుశబ్దోపదేశమే యుక్తమని భాష్యకారుడు నిర్ణయించాడు. మర్రే సూత్రభాగంలో ఈ నిర్ణయాన్నే పాటించినా, అభ్యాసభాగంలో అపశబ్దం వైపు తిరిగాడు. శాస్త్రనిర్మాణానికి లాఘవం ప్రధానం. బోధనకు విద్యార్థి చేసే తప్పు ప్రధానం. ఈ రెండు ప్రయోజనాలు వేరు కనుక రెండు మార్గాలు విరుద్ధాలు కావు. అయితే తప్పు వాక్యాలను అదే పనిగా చదివే బాలునికి తప్పే చెవిలో నిలిచిపోతుందన్న ఆక్షేపం ఆంగ్లదేశంలోనే వచ్చినది. ఆ ఆక్షేపం నిరాధారం కాదు.

విభక్తుల సమస్య

మర్రే పాండిత్యపు దిట్టతనం, పరిమితి రెండూ విభక్తి చర్చలో వెల్లడి అవుతాయి. లాటిన్‌లో నామానికి ఆరు విభక్తులు. పూర్వ వ్యాకరణకర్తలలో కొందరు ఆ ఆరింటినీ ఆంగ్లానికి అంటగట్టారు. మర్రే దీనిని అంగీకరించలేదు. పదరూపం మారని చోట పూర్వపదాల సహాయంతో వచ్చే అర్థాలన్నింటినీ విభక్తులంటే, పూర్వపదాలు ఎన్ని ఉంటే అన్ని విభక్తులు చెప్పవలసి వస్తుందని ఆయన వాదం. తొలి ముద్రణలో నామానికి రెండే విభక్తులు చెప్పాడు. తరువాత కర్మార్థకమైన మూడవ విభక్తిని అంగీకరించాడు. తన మొదటి అభిప్రాయాన్ని ముద్రణ ముద్రణకు పరీక్షించుకొని మార్చుకొనే నిజాయితీ ఆయనకు ఉన్నది.

ఇటువంటి సమస్యే తెలుగు వ్యాకరణంలోను కలదు. చేత, తోడ, కొఱకు, వలన మొదలైనవి ప్రత్యయాలా, స్వతంత్ర పదాల నుండి ఏర్పడినవా అనే చర్చ మనకు కొత్త కాదు. పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో సంస్కృతమర్యాదను అనుసరించి వీటిని సప్తవిభక్తుల చట్రంలో అమర్చాడు. మర్రే లాటిన్ చట్రాన్ని విభక్తుల విషయంలో నిరాకరించినా, క్రియ విషయంలో నిరాకరించలేకపోయాడు. ఆరు కాలాలు, ఐదు అర్థభేదాలు చెప్పి, సహాయక క్రియలతో ఏర్పడే పదబంధాలను లాటిన్ క్రియారూపాలకు దీటుగా నిలబెట్టాడు. ఒక భాషకు మరొక భాష లక్షణాన్ని ఎంతవరకు అన్వయించవచ్చుననేది ఆంధ్ర లాక్షణికులకు, ఆంగ్ల లాక్షణికులకు సమానమైన చిక్కు.

నిషేధద్వయ విషయం మరొకటి. ఒకే వాక్యంలో రెండు నిషేధాలు పరస్పరం రద్దై విధ్యర్థమే మిగులుతుందని మర్రే సూత్రీకరించాడు. లేకపోలేదు, కాకపోలేదు అనే తెలుగు ప్రయోగాలకు, మన తార్కికులకు ఈ నియమం సమ్మతమే. కాని ఆంగ్ల గ్రామీణుల నోట రెండు నిషేధాలు నిషేధానికి బలమే ఇస్తాయి. ప్రాచీన ఆంగ్ల కవుల ప్రయోగం కూడ అదే. తర్కానికి అనుకూలమైన నియమం వ్యవహారానికి విరుద్ధమైనప్పుడు ఏది ప్రమాణం? మర్రే తర్కం పక్షాన నిలిచాడు. ఫలితంగా సామాన్యుల ఇంటిభాష పాఠశాలలో తప్పుగా నమోదైనది. మన దేశంలో గిడుగు రామమూర్తి పంతులు వ్యావహారికానికై చేసిన పోరాటాన్ని ఎరిగినవారికి ఈ నష్టం ఎటువంటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆక్షేపాలు

మర్రేపై వచ్చిన ప్రధాన ఆక్షేపం పరకీయ గ్రంథాపహరణం. రాబర్ట్ లౌత్ 1762లో రచించిన వ్యాకరణం నుండి, జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1761లో రచించిన వ్యాకరణం నుండి, బ్లెయిర్ ఉపన్యాసాల నుండి ఆయన సూత్రాలను, ఉదాహరణలను, కొన్నిచోట్ల వాక్యాలను యథాతథంగా గ్రహించాడు. తొలి ముద్రణలో ఆ ఋణాన్ని సామాన్యంగా అంగీకరించాడే గాని ఎక్కడికక్కడ పేర్కొనలేదు. తరువాతి ముద్రణలో తాను ఆధారపడిన గ్రంథకర్తల పేర్లు చెప్పాడు. అమెరికన్ నిఘంటుకర్త నోవా వెబ్‌స్టర్ తన రచన నుండి కూడ మర్రే గ్రహించాడని ఫిర్యాదు చేశాడు. గూల్డ్ బ్రౌన్ 1851లో ప్రకటించిన బృహద్వ్యాకరణంలో మర్రే దోషాలను వెదకి వెదకి ఎత్తిచూపాడు. 1860 దశకంలో వాషింగ్టన్ మూన్ మర్రే ఆంగ్లంలోనే తప్పులున్నవని చూపుతూ ఒక పుస్తకమే వ్రాశాడు.

ఈ ఆక్షేపాలను పక్షపాతం లేకుండా తూచాలి. తాను మూలకర్తనని మర్రే ఎన్నడూ చెప్పుకొనలేదు. తన గ్రంథం సంకలనమేనని పీఠికలోనే తెలిపాడు. నాటి పాఠ్యగ్రంథ రచనలో పేరు చెప్పకుండా గ్రహించడం అందరూ చేసిన పనే. అయినను, ఋణం సామాన్యంగా ఒప్పుకోవడం వేరు, ఈ వాక్యం ఫలానివారిది అని చెప్పడం వేరు. మన వ్యాఖ్యాతలు పూర్వమతాన్ని ఉదాహరించేటప్పుడు పేరు చెప్పని సందర్భాలు లేకపోలేదు గాని, గురుకులంలో అధ్యేతకు ఆ మూలం ఏదో తెలిసి ఉండేది. మర్రే చదువరులైన బాలికలకు లౌత్ ఎవరో తెలియదు. ఆ మేరకు దోషం ఒప్పుకోక తప్పదు. సంగ్రహకర్తకు క్రమకల్పన తన సొత్తు. పదార్థం తనది కాదు. ఈ భేదం పాటించినంతవరకే సంగ్రహకర్త కీర్తి నిర్మలం. విద్యార్థుల కోసం పాఠ్యసంకలనాలు సిద్ధపరిచే మనవంటి అధ్యాపకులకు కూడ ఇది గుర్తుంచుకొనదగిన విషయం.

వాచకం, దాని ప్రభావం

వ్యాకరణం కంటె ఇంగ్లీష్ రీడర్ ప్రభావం అమెరికాలో మరింత విస్తృతం. గద్యపద్యాలను కథనాలు, బోధలు, వాదాలు, వర్ణనలు, కరుణరసభరితాలు, సంభాషణలు, ఉపన్యాసాలు అని వర్గీకరించి, సులభం నుండి కఠినానికి క్రమపరచిన వాచకమది. అడిసన్, జాన్సన్, బ్లెయిర్, పోప్, థామ్సన్, కూపర్ మొదలైనవారి రచనలు అందులో చోటు చేసుకొన్నవి. బానిసత్వాన్ని ఖండించే కూపర్ పద్యభాగం అందులో ఉండడం కేవలం సాహిత్య నిర్ణయం కాదు. బానిసత్వ నిర్మూలనకై పాటుపడిన క్వేకర్ శాఖీయుని ధర్మనిర్ణయం కూడ. బానిసలున్న దేశంలోనే ఆ పాఠం వేలాది పాఠశాలలలో చదువబడినది. పూరిపాకలో పెరిగి అమెరికా అధ్యక్షుడైన అబ్రహాం లింకన్ తన బాల్యంలో ఈ వాచకం చదివి, అమెరికన్ బాలురకు లభించిన పాఠ్యపుస్తకాలలో దీనికి మించినది లేదని అభిప్రాయపడినట్లు ఆయన సహచరుడు హెర్న్‌డన్ తెలిపాడు.

సాహిత్యంలో కూడ మర్రే పేరు నిలిచినది. చార్లెస్ డికెన్స్ 1840-41లో వెలువరించిన ఓల్డ్ క్యూరియాసిటీ షాప్ నవలలో ఒక మైనపు బొమ్మల ప్రదర్శకురాలు బాలికల పాఠశాలవారిని మెప్పించడానికి, విదూషకుని బొమ్మ వేషం మార్చి వ్యాకరణం వ్రాస్తున్న మర్రేగా నిలబెడుతుంది. జార్జ్ ఎలియట్ 1871-72 నాటి మిడిల్‌మార్చ్ నవలలో ఒక గృహిణి వంటపని చేస్తూనే మర్రే వ్యాకరణం పిల్లలకు బోధిస్తుంది. మొదటిది పరిహాసం, రెండవది గౌరవం. రెండింటికీ ఆధారం ఒకటే: ఆ పేరు చెప్పగానే పాఠకులందరికీ తెలియడం.

చివరి దినాలు

మర్రే 1806 నుండి 1809 వరకు తన ఆత్మకథను లేఖల రూపంలో వ్రాశాడు. అది ఆయన మరణించిన సంవత్సరం 1826లోనే, ఎలిజబెత్ ఫ్రాంక్ కూర్చిన అనుబంధంతో ప్రచురితమైనది. యార్కులోని క్వేకర్ శ్మశానవాటికలో ఆయనను ఖననం చేశారు. భార్య హన్నా ఆయన తరువాత ఎనిమిదేండ్లు జీవించినది. ఆమె అనంతరం ఆయన ఆస్తిలో అధికభాగం అమెరికాలో ఒక ధర్మనిధిగా ఏర్పడినది. బానిసత్వం నుండి విముక్తులైన నల్లజాతివారి విద్య, ఆదివాసుల సంక్షేమం, బీదలకు సహాయం, సద్గ్రంథాల పంపిణీ ఆ నిధి లక్ష్యాలు. హోల్గేట్ తోటలో ఆయన కూర్చొనిన చిన్న వేసవి మండపాన్ని తరువాత యార్కులోని మౌంట్ పాఠశాల ఆవరణకు తరలించారు. ఏ పాఠశాల ఉపాధ్యాయినుల కోరికపై ఆయన వ్యాకరణం వ్రాశాడో, ఆ పాఠశాల సంప్రదాయానికి వారసురాలైన విద్యాసంస్థ అదే.

మర్రే నూతన సిద్ధాంతకర్త కాడు. భాషాశాస్త్రం ఎదిగిన తరువాత ఆయన సూత్రాలలో పెక్కు నిలువలేదు. ఆయన నియమాల కాఠిన్యం కొందరి నోటిమాటను అవమానపరచిన మాట కూడ సత్యమే. అయినను, లాటిన్ చదువు అందని బాలికలకు, గ్రంథాలయం లేని పల్లెలోని బాలునికి తమ భాష నిర్మాణం ఎటువంటిదో తెలిపే గ్రంథం ఒకటి చేతికి అందినది. అది నడవలేని ఒక మనిషి కూర్చున్న చోటనే ఉండి, ముగ్గురు నలుగురు ఉపాధ్యాయినుల అవసరం చూచి వ్రాసినది. మన తెలుగు పాఠశాలలలో నేడు నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అని భాషాభాగాలు చెప్పే క్రమం బాలవ్యాకరణపు పది పరిచ్ఛేదాల నుండి వచ్చినది కాదు, ఆంగ్ల పాఠశాల వ్యాకరణాల మార్గాన వచ్చినది. ఆ మార్గం నిర్మించిన వారిలో ముఖ్యుని జీవితం, ఆయన గుణదోషాలు రెండూ, వ్యాకరణం బోధించే ప్రతి అధ్యాపకుడు తెలిసికొనదగినవి.